కూడబెట్టిన చదువు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

రోజూ కొద్దికొద్దిగా, ఓపికగా నేర్చుకుంటూ పోయిన వారికే చివరికి విద్య పట్టుబడుతుందని గత సంచికలో రాసిన మాటకు చెన్నై పాఠకుల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఆ మాటను ఒప్పుకున్న వారి కన్నా సందేహించిన వారే ఎక్కువ. సందేహించిన వారి ఉత్తరాలనే ఇక్కడ తీసుకుంటున్నాను; వాటితో పాటు గ్రంథాలయాల గురించి అడిగిన ఒక చిన్న ప్రశ్న కూడా ఉంది.

ప్రశ్న: నేను ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌ను. దూరవిద్యలో బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదువుతున్నాను. డ్యూటీ దిగి, వంట ముగించి, పాపను నిద్రపుచ్చాక నాకు మిగిలేది ఒక్క గంట. ఆ గంటను ఏడాదిగా వదలకుండా చదువుకే ఇచ్చాను. అయినా మొన్న పాత అధ్యాయం తెరిస్తే అంతా మొదటిసారి చూస్తున్నట్టే అనిపించింది. విజ్ఞానం పోగవుతుందని మీరంటున్నారు. నాకు పోగైనవి తిరగేసిన పేజీలే. ఈ గంట చదువు నన్ను ఎక్కడికైనా చేరుస్తుందా?
— ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: చేరుస్తుందమ్మా. అయితే ఆ గంటను వాడుకునే తీరు కొంత మారాలి. చదివినది మరిచిపోవడం మీ ఒక్కరి లోపం కాదు, అది మనసు స్వభావం. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థం లేని అక్షరాల కూర్పులను తానే కంఠస్థం చేసి, ఎంత కాలానికి ఎంత మరిచిపోతున్నాడో తన మీదే కొలిచి, ఆ ఫలితాలను 1885లో ప్రకటించాడు. మరపు మొదటి గంటల్లోనూ మొదటి రోజుల్లోనూ చాలా వేగంగా సాగి ఆ తర్వాత నెమ్మదిస్తుందనీ, ఒకే పూట పదే పదే వల్లించడం కన్నా అదే శ్రమను కొన్ని రోజుల మీద పంచుకుంటే తక్కువ వల్లెతో ఎక్కువ నిలుస్తుందనీ ఆయన గమనించాడు. ఆ తర్వాత ఎందరో చేసిన ప్రయోగాల్లో ఈ రెండు విషయాలూ నిలబడ్డాయి.

మీకు ఇంకా దగ్గరగా ఉండే ప్రయోగం 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసినది. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివారు. మరికొందరు చదివాక పాఠం పక్కన పెట్టి గుర్తున్నంత వరకు రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్ళీ మళ్ళీ చదివిన వారిదే పైచేయి. వారం తర్వాత పరీక్షిస్తే మాత్రం, చూడకుండా రాసిన వారికి చాలా ఎక్కువ గుర్తుంది. నాకు ముఖ్యంగా తోచే సంగతి మరొకటి ఉంది: తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకం పెట్టుకున్నది మళ్ళీ మళ్ళీ చదివిన వారే. పేజీ కళ్ళకు పరిచయమైతే చాలు, విషయం వచ్చేసిందని మనసు మనల్ని నమ్మిస్తుంది. మీ ఏడాది శ్రమ ఆ నమ్మకం దగ్గరే ఆగిపోయి ఉండవచ్చు.

కాబట్టి రేపటి నుంచి ఆ గంటలో మొదటి పావు గంట పుస్తకం తెరవకండి. నిన్న చదివినది తెల్ల కాగితం మీద సొంత మాటల్లో రాయండి, రాకపోయిన చోట ఖాళీ వదలండి. తర్వాత పుస్తకం తెరిచి ఆ ఖాళీలు మాత్రమే పూరించండి. వారం కిందటి పాఠాన్ని ఆదివారం, నెల కిందటి దాన్ని నెలాఖరున ఇలాగే తిరగేయండి. కొత్త పేజీలు తగ్గిపోతాయి, మొదట్లో అది బాధగానే ఉంటుంది, అయినా తగ్గనివ్వండి. ఇంకొక మాట: మీ పుస్తకంలో ఉన్న పరీక్షల్లో సగం మీరు పగలు మీ చేతులతో చేస్తున్నవే. క్రియాటినిన్ గురించి రాత్రి చదివిన రోజున, మర్నాడు ఆ నమూనా చేతిలోకి వచ్చినప్పుడు, ఆ రంగు ఎందుకు వస్తున్నదో మనసులో ఒకసారి చెప్పుకోండి. చాలా మంది విద్యార్థులకు దొరకని అవకాశం మీకు ఉద్యోగంలోనే దొరుకుతోంది.

అలాంటి పనిలోంచే ఎదిగిన ఒక తెలుగు వ్యక్తి, అందులోనూ మన నగరంలో చదువుకున్న వ్యక్తి జీవితాన్ని మీకు కొంచెం వివరంగా చెప్పాలనిపిస్తోంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ గట్టెక్కింది మూడో ప్రయత్నంలో, ట్రిప్లికేన్‌లోని హిందూ హైస్కూలు నుంచి. ప్రెసిడెన్సీ కళాశాలలోనూ మద్రాసు వైద్య కళాశాలలోనూ చదివి, ఎం.బి.బి.ఎస్.కు బదులు అంతకన్నా తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటికి వచ్చి, కొంత కాలం ఇక్కడి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించి, 1923లో ఆయన బోస్టన్ చేరారు. పొట్ట గడవడానికి అక్కడి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్నాచితకా పనులు చేశారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర ఆయన మొదట చేపట్టిన పరిశోధనలో పేరు తెచ్చే ఆకర్షణ ఏమీ లేదు. రక్తంలోనూ ఇతర ద్రవాల్లోనూ ఫాస్ఫరస్ ఎంత ఉందో సులువుగా, కచ్చితంగా కొలిచే పద్ధతిని తయారు చేయడమే ఆ పని. మాలిబ్డేట్ అనే రసాయనంతో కలిసిన ఫాస్ఫేట్‌ను క్షయకరణం (రిడక్షన్) చేసినప్పుడు వచ్చే నీలి రంగు ఎంత చిక్కగా ఉందో చూసి పరిమాణం చెప్పే ఆ పద్ధతి 1925లో అచ్చయింది. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అన్న పేరు మీ పాఠ్యపుస్తకంలోనూ కనిపించవచ్చు.

అసలు విశేషం ఆ తర్వాత జరిగింది. ఆ కొలత వారికి బాగా అలవాటైపోయి, నీలి రంగు ఎంత సేపటికి రావాలో కంటికి తెలిసిపోయిన దశలో, కండరాల నుంచి తీసిన ద్రవంలో మాత్రం అది ఆలస్యంగా, మెల్లమెల్లగా ముదురుతూ వస్తున్నదని వారు గమనించారు. కొత్తగా చేరినవాడైతే రసాయనం పాడైందనుకుని పారబోసి మళ్ళీ మొదలుపెట్టేవాడు. వారు ఆ ఆలస్యానికి కారణం వెతికారు. ఆమ్లంలో నిలవలేక విడిపోతూ, కొద్దికొద్దిగా ఫాస్ఫేట్‌ను వదులుతున్న ఒక పదార్థం బయటపడింది. కండరం తన శక్తిని దాచుకునే ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దాన్ని ప్రకటించారు. జీవకణాలన్నీ శక్తి కోసం వాడుకునే ఏటీపీని 1929లో ప్రకటించారు; అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నాడు. 1940లో సుబ్బారావు అమెరికాలోనే మందులు తయారుచేసే లెడర్లీ ప్రయోగశాలలకు మారాక ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయగలిగారు. ఆ ఫోలిక్ ఆమ్లం పనికి అడ్డుపడేలా రూపొందించిన అమినోప్టెరిన్ అనే మందుతో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ సోకిన పిల్లల్లో జబ్బును తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గించి 1948లో ఆ ఫలితాలను ప్రకటించాడు. బోదకాలు నివారణకు మన దేశంలో ఇంటింటికీ పంచే డైఇథైల్ కార్బమజీన్ కూడా ఆ ప్రయోగశాలల నుంచే వచ్చింది.

ఈ మందుల్లో ఏ ఒక్కటి చాలు ఒక జీవితం సార్థకమైందనడానికి. అయినా నేను మీకు చూపదలచుకున్నది కండరాల ద్రవంలో ఆలస్యంగా వచ్చిన ఆ నీలి రంగును. అది తేడాగా ఉందని తెలియాలంటే, మామూలుగా ఎలా ఉంటుందో ముందు క్షుణ్ణంగా తెలిసి ఉండాలి. విసుగు పుట్టించే కొలతలను ఓపికగా చేసిన రోజులు ఇచ్చినది ఆ తెలివిడినే. మీరు రోజూ చూసే నమూనాల్లోనూ అలాంటివి కనిపిస్తాయి. కనిపించినప్పుడు ఒక నోటుపుస్తకంలో రాసుకుని, రాత్రి గంటలో దాని కారణం వెతకండి.

ప్రశ్న: మా మనవడు ఎనిమిదో తరగతి. చదరంగం అంటే ప్రాణం, సాయంత్రం తరగతికి వెళ్ళకపోతే అన్నం తినడు. చదువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ‘అన్నీ ఫోన్‌లో ఉన్నాయి తాతయ్యా, కావలసినప్పుడు చూసుకుంటాను, తలలో ఎందుకు పెట్టుకోవాలి’ అంటాడు. నాకు జవాబు తోచడం లేదు.
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, టి. నగర్

జవాబు: మాస్టారూ, మీ మనవడికి జవాబు అతని చదరంగం బల్ల మీదే ఉంది. 1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ అనే పరిశోధకులు నిజమైన ఆటల మధ్యలోంచి తీసిన స్థితులను ఆటగాళ్ళకు అయిదు సెకన్ల పాటు చూపించి, ఖాళీ బల్ల మీద మళ్ళీ పేర్చమన్నారు. రెండు డజన్ల పావుల్లో ఆరితేరిన ఆటగాడు సుమారు 16 సరిగ్గా పెట్టగలిగితే, కొత్తగా నేర్చుకున్న వాడు సుమారు 4 పెట్టగలిగాడు. అవే పావులను ఏ క్రమమూ లేకుండా చెదరగొట్టి చూపినప్పుడు ఆ ఆధిక్యం దాదాపుగా పోయింది. అంటే ఆ ఆటగాడికి ఉన్నది అందరికన్నా గొప్ప జ్ఞాపకశక్తి కాదు. ఏళ్ళ తరబడి ఆడి, పాత ఆటలు తిరగేసి, అతను తలలో నింపుకున్న అమరికలే అతనికి బల్లను ఒక్క చూపులో చదివి పెడుతున్నాయి.

ఆ అమరికలన్నీ ఫోన్‌లోనూ ఉన్నాయి. గడియారం నడుస్తుండగా వాటిని వెతుక్కుంటూ ఎవరైనా ఆడగలరా అని మనవడిని అడగండి. లెక్క, చరిత్ర, భాష అన్నిటిలోనూ ఇంతే. తలలో ఏమీ లేనివాడికి ఫోన్‌లో ఏమి వెతకాలో కూడా తెలియదు, దొరికినది సరైనదో కాదో అసలే తెలియదు. ముందు కొంత తెలిసిన వాడికి కొత్త విషయం త్వరగా అంటుకుంటుంది. అందువల్ల మొదటి రెండేళ్ళు నత్తనడకగా సాగిన చదువు ఆ తర్వాత వేగం అందుకుంటుంది. ఉపాధ్యాయులుగా మీరు తరగతిలో ఇది ఎన్నోసార్లు చూసే ఉంటారు.

మన చెన్నై తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ 2024 డిసెంబరులో సింగపూర్‌లో ప్రపంచ విజేత అయినప్పుడు అతని వయసు 18. ఆట నేర్చుకున్నది 2013లో, ఏడేళ్ళ వయసులో. పద్దెనిమిదేళ్ళకే గెలిచాడని అందరూ చెప్పుకున్నారు. దాని వెనక పదకొండేళ్ళ సాధన ఉందని చెప్పుకున్నవారు తక్కువ. ఆ లెక్క మీ మనవడు మన కన్నా బాగా అర్థం చేసుకుంటాడని నా నమ్మకం. ఫోన్‌ను శత్రువును చేయకండి. ఏదైనా చూసి తెలుసుకున్నాక, ఫోన్ పక్కన పెట్టి మీకు పాఠంలా చెప్పమనండి.

ప్రశ్న: రామానుజన్ వంటి వారు పుట్టుకతోనే మేధావులు. వారికి ఓపికగా కూడబెట్టవలసిన అవసరం ఏముంది? మాలాంటి వారు ఎంత కూడబెట్టినా వారి దరికి చేరగలమా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, తాంబరం

జవాబు: నాయనా, నీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను: రామానుజన్ దరికి నువ్వూ చేరలేవు, నేనూ చేరలేను. పుట్టుకతో వచ్చే శక్తిలో తేడాలు లేవని ఎవరైనా చెబితే నమ్మకు. అయితే మొదటి ప్రశ్నలో నువ్వు అనుకున్నది మాత్రం నిజం కాదు. కుంభకోణంలో పదహారేళ్ళ వయసు దగ్గర ఆయన చేతికి కార్ అనే ఆంగ్లేయుడు కూర్చిన గణిత ఫలితాల సంకలనం ఒకటి వచ్చింది. అందులో సుమారు 5,000 ఫలితాలు ఉన్నాయి, చాలావాటికి పూర్తి నిరూపణలు లేవు. ఆయన వాటిని ఒక్కొక్కటిగా తానే సాధించుకుంటూ పోయారు. కాగితానికి డబ్బు చాలక పలక మీద లెక్క చేసి, తుడిచి, తేలిన ఫలితాన్ని మాత్రం నోటుపుస్తకంలో ఎక్కించేవారు. గణితం తప్ప మిగతా పాఠాల్లో తప్పి కళాశాల చదువు ఆగిపోయిన రోజుల్లో కూడా ఆ నోటుపుస్తకాలు ఆగలేదు. 1912 మార్చిలో మద్రాసు పోర్ట్ ట్రస్ట్‌లో నెలకు 30 రూపాయల జీతానికి గుమాస్తాగా చేరి, 1913 జనవరి 16న కేంబ్రిడ్జిలోని గణితవేత్త హార్డీకి ఉత్తరం రాసినప్పుడు ఆయన వెనక ఆ నోటుపుస్తకాల పని పదేళ్ళది ఉంది. ఆ ఉత్తరంలోని సూత్రాలు ఆ పూట ఊహలోకి వచ్చినవి కావు.

మేధ ఉన్నవాడికే అంత కూడబెట్టవలసి వస్తే మనకు ఇంకా అవసరం కదా అని తేలికగా ముగించవచ్చు, కానీ నేను చెప్పదలచుకున్నది అది కాదు. ఆయన సాధన చేసిన తీరులో మనం పట్టుకోగలిగినది ఒకటుంది: ఇచ్చిన ఫలితాన్ని ఒప్పుకుని ముందుకు వెళ్ళిపోకుండా, దాన్ని సొంతంగా రాబట్టడం. నీ ఇంజనీరింగ్ పుస్తకంలో ఈ వారం వచ్చే సూత్రాల్లో ఒక్కదాన్ని అలా రాబట్టి చూడు.

ప్రశ్న: చెన్నైలో తెలుగు పుస్తకాలు కూర్చుని చదువుకోవడానికి మంచి గ్రంథాలయం ఏది?
— ఒక పాఠకుడు, వేళచ్చేరి

జవాబు: ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయంతో మొదలుపెట్టండి. 1896లో తెరిచిన ఆ గ్రంథాలయానికి, 1954 నాటి చట్టం ప్రకారం, దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ప్రతిని ప్రచురణకర్తలు పంపవలసి ఉంటుంది. అలాంటి గ్రంథాలయాలు దేశంలో నాలుగే. కొట్టూరుపురంలో 2010లో తెరిచిన అణ్ణా శతజయంతి గ్రంథాలయం మీ ఇంటికి దగ్గర, కూర్చుని చదువుకోవడానికి చాలా అనువైనది.

ప్రశ్న: రైల్వేలో పనిచేసి విరమించాను. ఉత్తర చెన్నైలో తరతరాలుగా ఉంటున్న తెలుగు వారి ఇళ్ళలో మాత్రమే వినిపించే మాటలను చాలా ఏళ్ళుగా సేకరిస్తున్నాను. పెట్టెలు నిండాయి. ఇది పూర్తయ్యేలోగా నేను ఉంటానో ఉండనో. పూర్తి కాని పనికి విజయం ఏమిటని ఇంట్లో అడుగుతున్నారు. నాకూ అదే సందేహం పట్టుకుంది.
— ఒక పాఠకుడు, తిరువొత్తియూరు

జవాబు: అయ్యా, మీ ఉత్తరం చదివి నాకు చాలా సంతోషం కలిగింది, కొంత ఆందోళన కూడా కలిగింది. సంతోషం ఎందుకో మీకు తెలుసు. ఆందోళన ఎందుకంటే, ఆ పెట్టెల్లో ఏమున్నదో మీకు తప్ప మరెవరికీ తెలియకపోవచ్చునని.

పూర్తి కాని పనుల మీదే ఈ నగరంలో తెలుగు విజ్ఞానం చాలా మటుకు నిలబడింది. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ ఊరూరి చరిత్రలను, శాసనాలను సేకరించినప్పుడు ఆ పనికి ప్రాణంగా నిలిచినవాడు ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య. ఆయన 1803లో చిన్న వయసులోనే పోయారు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని అందుకున్నారు. మెకంజీ కూడా 1821లో సేకరణకు పూర్తి జాబితా అయినా తయారు కాకుండానే కన్నుమూశాడు. నేడు ఆంధ్ర దేశ గ్రామాల చరిత్ర రాసేవారు కైఫీయత్తులనే ఆ ఊరి చరిత్రలు చూడకుండా కలం కదపలేరు. తర్వాతి కాలంలో సి.పి. బ్రౌన్ కూడబెట్టిన తాళపత్రాలు, వ్రాతప్రతులు కూడా మెకంజీ ప్రతులతో పాటు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలోకే చేరాయి.

కొమర్రాజు లక్ష్మణరావు గారి విషయం ఇంకా బాధాకరం. తెలుగులో విజ్ఞాన సర్వస్వం ఉండాలన్న పట్టుదలతో మద్రాసులో ఆ పని తలకెత్తుకుని, అకారాది క్రమంలో మొదటి అక్షరాల దగ్గర ఉండగానే 1923లో ఆయన ఈ నగరంలోనే మరణించారు. ఆంధ్రపత్రిక స్థాపకులు కాశీనాథుని నాగేశ్వరరావు గారు ఆ పనిని మళ్ళీ చేపట్టి, అదీ ముగియకుండానే 1938లో వెళ్ళిపోయారు. ఆ తర్వాత తెలుగు భాషా సమితి విజ్ఞాన సర్వస్వ సంపుటాలను విషయాల వారీగా వెలువరించింది. కొమర్రాజు వారు మొదటి సంపుటాలు తెచ్చి ఉండకపోతే, తెలుగులో ఆ పని సాధ్యమేనన్న నమ్మకం తర్వాతి వారికి అంత తొందరగా కలిగేది కాదని నేను గట్టిగా అనుకుంటాను.

ఈ పనులన్నీ మరొకరి చేతికి అందడానికి కారణం, అవి మరొకరు చదవగలిగే రూపంలో ఉండడం. మీరు కూడా ఇప్పుడు కొత్త మాటల వేట కొంత కాలం ఆపి, ఉన్నవాటిని అలాంటి రూపంలోకి తేవాలని నా మనవి. ఒక్కో మాటకు ఒక్కో కార్డు పెట్టండి. మాట, దాని అర్థం, అది వచ్చే ఒక వాక్యం విన్నది విన్నట్టుగా, ఏ పేటలో విన్నారో, ఏ ఏడాది విన్నారో, చెప్పిన వారి వయసు, వృత్తి ఏమిటో రాయండి. మీకు అనుమానంగా ఉన్నచోట అనుమానమనే రాయండి. ఇంట్లో చిన్నవారి సాయంతో కార్డులకు ఫోన్‌లో ఫొటోలు తీయించి రెండు చోట్ల దాచండి. అక్షరమాల మొత్తం అయ్యేదాకా ఆగకుండా, పడవల పని, వల పని, వంట, పెళ్ళి తంతు వంటి ఒక్కో రంగం మాటలను ఒక్కో కట్టగా ముగిస్తూ పోండి. అలా చేస్తే పని ఏ రోజు ఆగినా, అప్పటిదాకా అయినది అయినట్టే ఉంటుంది. మొదటి కట్ట సిద్ధమైనప్పుడు మా కార్యాలయానికి పంపండి. మీ పేరుతో ఈ పత్రికలో వరుసగా అచ్చు వేయడానికి సంపాదకవర్గం అంగీకరించింది.